పట్టుపురుగు జ్వరం

మొన్న ఒక ఆదివారం సాయంకాలం మనుమరాలిని వెంటబెట్టుకొని హోసూరు రోడ్డు మీదుగా ఇంటికి వస్తూ సిల్కు బోర్డు కూడలిలో చిక్కుకున్నాము. బెంగుళూరులో కాపురమున్నవారికి ఆ చోటి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అరగంట దాటింది, ముందు బస్సు కదలదు, వెనుక లారీ హారను ఆపదు. మా పిల్ల విసిగిపోయి, "తాతా, సిల్కు బోర్డు అంటే బండ్లు ఆగిపోయే చోటు అని అర్థమా?" అని అడిగింది.

నాకు నవ్వు వచ్చింది. అది పట్టుపరిశ్రమ బాగోగులు చూసే కేంద్ర సంస్థ అనీ, 1948లో చేసిన చట్టం ప్రకారం ఏర్పడిందనీ, దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నందున కూడలికి ఆ పేరు వచ్చిందనీ చెప్పాను. "పురుగులకు ఆఫీసా!" అని పిల్ల ఆశ్చర్యపోయింది. పురుగు ఆకు తింటుంది, గూడు కట్టుకుంటుంది, లోపల ప్యూపా అవుతుంది, ఆ పిమ్మట రెక్కల చిలుక అవుతుంది అని చెప్పుకొంటూ వచ్చాను. అప్పుడది ఒక ప్రశ్న వేసింది: "ఇప్పుడు గూడు కట్టు, ఇప్పుడు చర్మం మార్చు అని దానికి ఎవరు చెబుతారు తాతా?"

ముప్పై యేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన వాణ్ణి కనుక జవాబు నోటిలోనే ఉంది, చెప్పాను. కాని ఆ జవాబు వెనుక మా కుటుంబంలో జరిగిన కథ ఒకటి ఉంది. అది పిల్లకు చెప్పలేదు. మన పత్రిక చదివే వారిలో పట్టుచీర కట్టని తల్లి ఉండదు. పెద్దలలో చాలామందికి కోలారు, హిందూపురం, మదనపల్లె వైపు పురుగులు పెంచే బంధువులూ ఉంటారు. వారితో చెప్పుకోవచ్చునని తోచి వ్రాస్తున్నాను.

మా ముత్తాతగారు హిందూపురం వైపునుంచి వచ్చి చిక్కపేటలో ఒక పట్టుబట్టల అంగడిలో లెక్కలు వ్రాసేవారట. అప్పటినుంచీ మాది బెంగుళూరే. మైసూరు సీమకు పట్టు తెప్పించినవాడు టిప్పు సుల్తాను అని చరిత్ర చెబుతుంది. తరువాత 1896 ప్రాంతంలో జంషెట్‌జీ టాటాగారు జపాను వారి సహాయంతో బసవనగుడి దగ్గర పట్టుతోట పెట్టించారు. తోట పోయింది కాని టాటా సిల్క్ ఫారం అనే పేరు మాత్రం ఆ పేటకు నిలిచింది. మా నాయనగారు చిన్నప్పుడు మమ్మల్ని అటు నడిపించుకొని పోతూ, "ఇక్కడ పురుగులు మేసేవిరా" అని చూపేవారు. మాకు ఇండ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు.

అసలు పురుగును నేను చూచినది మా అక్కయ్య ఇంట్లో. అక్కను శిడ్లఘట్ట దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. అప్పటికి అది కోలారు జిల్లా. 2007 నుంచి చిక్కబళ్ళాపుర జిల్లాలో చేరింది. ఆ వైపు యింటింటా తెలుగే. బావకు రెండెకరాల మల్బరీ తోట, పెరట్లో పురుగుల యిల్లు. వేసవి సెలవులకు పోతే రాత్రిళ్ళు ఆ యింటిలోనుంచి సన్నని చప్పుడు వినబడేది, చూరుమీద తుంపర పడ్డట్టు. అది వేల పురుగులు ఆకు మేస్తున్న చప్పుడు.

చీమ తలంత పిల్లపురుగు నాలుగు వారాలు తిరగకముందే పదివేల రెట్లు బరువెక్కుతుంది. అంత పెరిగేలోగా నాలుగు మార్లు కుబుసం విడుస్తుంది. కుబుసం విడిచేముందు మేత మానేస్తుంది, తల పైకెత్తి ఒక రోజు దాకా కదలక మెదలక ఉంటుంది. రైతులు దీన్ని జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క. ఆ వేళల్లో అక్క మమ్మల్ని లోపలికి రానిచ్చేది కాదు. "జ్వరానికి కూర్చున్నాయిరా, తట్టలు కదిలించవద్దు" అనేది. పురుగులమీద సున్నపు పొడి పలుచగా చల్లి, ఆకు ఆపి, తలుపు దగ్గరగా వేసి వచ్చేది. ఇంట్లో పిల్లకు జ్వరం వచ్చినప్పుడు ఎలాగో, అలాగే.

నాలుగో జ్వరం లేచిన తరువాత ఏడెనిమిది రోజులు విపరీతంగా మేస్తాయి. ఆ మీదట మేత మాని, ఒళ్ళు కొంచెం కుదించుకొని, దీపం ముందు పెడితే వెలుగు కనిపించేటట్టు పసుపుపచ్చగా అవుతాయి. వాటిని పండు పురుగులంటారు. ఏరి చంద్రికలమీద వేస్తే గూడు కట్టుకుంటాయి. ఆ రెండు మూడు రోజులూ యింటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

ఇక నా తప్పు సంగతి.

1994లో నాకు నలభై రెండేళ్ళు. కాలేజీలో పేరు వచ్చింది, కొంచెం తల కూడా ఎక్కింది. ఆ రోజుల్లో పట్టుపురుగులకు ఒక హార్మోను మందు చల్లితే ఒక రోజు ఎక్కువ మేసి, గూడు బరువు పెరుగుతుందని శాస్త్ర పత్రికల్లో చదువుతున్నాము. పురుగును పిల్లతనంలోనే నిలిపి ఉంచే బాల్య హార్మోనుకు పోలికగా రసాయనశాలలో తయారుచేసినది ఆ మందు. నా స్నేహితుడొకరు పరిశోధనలో ఉండేవారు. బతిమాలి చిన్న సీసా సంపాదించాను. ఆయన మరీ మరీ చెప్పారు: "ఐదో దశలో ఒక్కసారి మాత్రమే. ఇన్ని చుక్కలు, ఇన్ని నీళ్ళు. ముందు ఒక తట్టకు చల్లి చూడండి, తక్కినవాటి జోలికి పోకండి."

నేను పల్లెకు పోయి సీసా మేనల్లుని చేతిలో పెట్టాను. వాడికి అప్పటికి పెండ్లయి మూడు నెలలు. మేనమామ, అందులోనూ ప్రొఫెసరు, చెప్పిన మాట వాడికి వేదం. స్నేహితుడు చెప్పిన మాట నేను ఉన్నదున్నట్టు చెప్పలేదు. "అన్ని తట్టలకూ చల్లు. ఫలితం బాగా తెలియాలంటే రెండు రోజుల తరువాత మళ్ళీ ఒకసారి చల్లు" అన్నాను. ఒకటికి రెండు పెడితే మంచిదే గాని చెడ్డ యేముంటుందని నా ధీమా. ఊళ్ళోవారి ముందు మా అక్క గూళ్ళు పెద్దవిగా కనబడాలన్న ఆశ కూడా లేకపోలేదు. బెంగుళూరు బస్సెక్కి వచ్చేశాను.

ఏడో రోజు పురుగులు పండలేదు. పదో రోజు పండలేదు. మేస్తూనే ఉన్నాయి. తోటలో ఆకు అయిపోయింది. బావ అప్పు చేసి పక్క ఊళ్ళనుంచి ఆకు కొనుక్కొచ్చి వేశారు. పురుగులు నిగనిగలాడుతూ వ్రేలంత లావయ్యాయి, గూడు మాట లేదు. పన్నెండో రోజునుంచి చావడం మొదలుపెట్టాయి. కొన్నింటికి వీపున ఒకచోట ప్యూపా చర్మం వలె గోధుమరంగు గట్టి మచ్చ, తక్కిన ఒళ్ళంతా పురుగు చర్మమే. అటూ ఇటూ కాని ఆ జీవులను చూచి అక్క జడుసుకుందట. నూరు గుడ్ల పంట, నలభై వేలకు పైచిలుకు పురుగులు. తట్టలకు తట్టలు గుంట తీసి పూడ్చారు.

ఎవరివల్ల జరిగింది అన్న విచారణ పల్లెల్లో ఎంతోసేపు పట్టదు. పురుగుల యింటికి మడి ఉంది. బయట చేరిన ఆడవాళ్ళు గడప తొక్కరాదు. నాలుగో జ్వరం లేచిన మర్నాటి రాత్రి లోపల ఒక తట్టల నిలువు ఒరిగి పడబోయిందట. మగవాళ్ళు తోటలో ఉన్నారు. కొత్త కోడలు పరుగెత్తి పట్టుకొని నిలబెట్టింది. అప్పుడామె బయట ఉంది. ఆ సంగతి తానే అత్తగారితో చెప్పింది. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

అంతే. పంట పోయినది ఆమె ముట్టుకున్నందువల్ల అని అక్క తీర్మానించింది. వారం తిరగకముందే ఆ పిల్లను పుట్టింటికి పంపారు.

మేనల్లుడు బెంగుళూరు వచ్చి, మా ఇంటి వరండాలో కూర్చుని, నేలచూపులు చూస్తూ అడిగాడు: "మామా, ఆ మందువల్ల ఏమైనా అయివుంటుందా? మూల తట్ట ఒకదానికి మందు అందలేదు, అయిపోయింది. ఆ తట్టలో పురుగులు మాత్రం ఏడో రోజుకే పండి గూళ్ళు కట్టినాయి. ఇది మా ఆవిడ చూసి చెప్పింది."

చదువరులారా, నేను జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. మందు పడిన తట్టలు ఇవి, పడని తట్ట అది, తేడా ఇది అని చెబితే నా మొదటి సంవత్సరపు విద్యార్థి కూడా జవాబు చెప్పగలడు. కాని నేను, "మందుకూ దీనికీ సంబంధం లేదు. వానాకాలం గాలి ఏదో తగిలివుంటుంది" అన్నాను. వాడు మారుమాటాడక కాఫీ త్రాగి లేచిపోయాడు.

ఆ తట్టల్లో జరిగినది ఏమిటో ఇప్పుడు చెబుతాను. నా మనుమరాలి ప్రశ్నకు జవాబు కూడా అదే.

పురుగు చర్మం మన చర్మం వంటిది కాదు. అది కవచం. శాస్త్రంలో క్యూటికిల్ అంటారు. ఖైటిన్ అనే నారపోగుల మధ్య మాంసకృత్తులు అల్లుకొని తయారవుతుంది. ఒకసారి తయారైన కవచం కొంతవరకే సాగుతుంది. పిల్లవాడు ఎదిగితే చొక్కా బిగుసుకున్నట్టు అది బిగుసుకుంటుంది. అప్పుడు కవచం క్రింద ఉన్న ఒంటి వరుస కణాలు పాతదాని లోపలి భాగాన్ని కరిగించి, సరుకును తిరిగి వాడుకొంటూ, క్రింద కొత్తది నేస్తాయి. జ్వరమని రైతులనే ఆ రోజంతా జరుగుతున్నది ఈ నేతపనే. కదిలించవద్దని మా అక్క అనడం ఎంత సబబో చూడండి.

వింత ఏమిటంటే పురుగు చర్మం వేరు, ప్యూపా చర్మం వేరు, చిలుక చర్మం వేరు. మొదటిది మెత్తన, రెండవది గోధుమరంగు గట్టి డొల్ల, మూడవది పొలుసులూ రెక్కలూ కలది. మూడూ నేసేవి ఒకే శరీరపు కణాలు, వాటిలో ఉన్నవి ఒకే జన్యువులు. 2004లో జపాను వారూ చైనా వారూ పట్టుపురుగు జన్యువుల మొత్తం పటం మొదటి ప్రతులు ప్రకటించారు. దాన్ని పట్టుకొని 2008లో జపాను శాస్త్రజ్ఞులు ఈ కవచపు మాంసకృత్తుల జన్యువులు 220 ఉన్నవని లెక్కవేశారు. మన అమ్మలు ట్రంకు పెట్టెలో పసిపిల్లల చొక్కాలు, లంగాలు, పెండ్లి చీరలు అన్నీ దొంతరలుగా పెట్టి ఉంచుతారు కదా, అటువంటిదే. పెట్టె ఒకటే. ఏ బట్ట ఏ రోజు పైకి తీయాలన్నదే ప్రశ్న.

తీసే చేతులు ఎవరివి? పోలెండులో కోపెచ్ అనే ఆయన 1922లో గొంగళిపురుగులకు దారం బిగించి కట్టీ, మెదడు తీసివేసీ చూచి, మార్పుకు ఆజ్ఞ మెదడునుంచి రక్తంగుండా వస్తుందని చెప్పారు. 1938లో ఫ్రాన్సులో బూన్యోల్ చిన్న పట్టుపురుగుల తల వెనుక ఉన్న ఆవగింజకంటె చిన్న గ్రంథులు రెండు తీసివేస్తే, అవి పెరగకుండానే తొందరపడి చిట్టి ప్యూపాలైనవి. 1940లో జపానులో ఫుకుదా పట్టుపురుగు రొమ్ములో ఇంకొక గ్రంథి ఉందనీ, అది లేనిదే కుబుసం విడవడం జరగదనీ తేల్చారు. ఈ రెండవ గ్రంథి రసం కోసం జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ అర టన్ను పట్టు ప్యూపాలు నూరి, 1954లో 25 మిల్లీగ్రాముల పదార్థం విడదీశారు. అదే ఎక్డైసోను. రెండేండ్ల తరువాత అమెరికాలో కేరల్ విలియమ్స్ ఒక పెద్ద చిలుక పొట్టనుంచి బాల్య హార్మోను కలిసిన నూనె తీశారు.

సూత్రం తేలికైనది. ఎక్డైసోను, "చర్మం మార్చు" అంటుంది. ఏ చర్మం వేసుకోవాలో బాల్య హార్మోను నిర్ణయిస్తుంది. అది రక్తంలో ఉన్నంతకాలం ప్రతి మార్పుకూ మళ్ళీ పురుగు చర్మమే. ఐదో దశలో అది తగ్గిపోతుంది. అప్పుడు ఎక్డైసోను కొంచెంగా పొంగితే పురుగు మేత మాని గూడు కడుతుంది. బాగా పొంగితే ప్యూపా చర్మం నేస్తుంది. ఇంగ్లండులో విగిల్స్‌వర్త్ అనే మహాశయుడు ఒక నల్లిజాతి పురుగు ఒంటిమీద బాల్య హార్మోనుతో తన పేరు పొడి అక్షరాలు వ్రాసి, పెద్దదైన ఆ పురుగు వీపున పిల్ల చర్మపు అక్షరాలు వచ్చేటట్టు చేశారు. తక్కిన ఒళ్ళంతా పెద్ద చర్మం, వ్రాతమేర పిల్ల చర్మం! మా అక్క చూచి జడుసుకున్న మచ్చలు ఈ వ్రాతకు తలక్రిందులైనవి.

ఇంకొక వినోదం. 1965లో ప్రాగ్ నగరంనుంచి హార్వర్డుకు పోయిన స్లామా తనతో పట్టుకుపోయిన నల్లులు అక్కడ ఎంతకూ పెద్దవి కాక, పిల్లలుగానే లావై చచ్చిపోయినవి. నీరు, మేత అన్నీ చూచారు. చివరకు కారణం పెట్టెలో పరచిన కాగితం! ఆ కాగితం తయారైన బాల్సం ఫర్ అనే చెట్టులోనే బాల్య హార్మోను వంటి పదార్థం ఉంది. అమెరికా వార్తాపత్రికల ముక్కలు వేసినా అంతే జరిగింది. లండను టైమ్స్ వేస్తే మాత్రం నల్లులు చక్కగా పెరిగినవి. తనను తినే పురుగును పెరగనీయకుండా చేసేందుకు చెట్టు పన్నిన ఉపాయమన్నమాట. ఇటువంటి పదార్థాలనే ఇప్పుడు దోమపిల్లలు దోమలు కాకుండా నీళ్ళలో చల్లుతున్నారు. పట్టుపురుగుకూ దోమకూ ఈ భాష ఒకటే. అందుకే 1990 ప్రాంతంలో ఇటలీలో పండ్లతోటలకు చల్లిన ఈ జాతి మందు గాలికి మల్బరీ ఆకుమీద లేశమాత్రం పడితేనే పట్టుపురుగులు గూళ్ళు కట్టడం మానివేశాయి. నేను చేసినదీ అదే. వారిది గాలి వాటం, నాది బుద్ధిపూర్వకం.

ఈ హార్మోనులు జన్యువులతో ఎలా మాట్లాడతాయో కూడా తెలిసింది. 1960లో క్లేవర్, కార్ల్‌సన్ ఒక ఈగజాతి పురుగుకు ఎక్డైసోను ఎక్కించి, కొద్దిసేపటిలోనే దాని క్రోమోజోములు కొన్నిచోట్ల ఉబ్బడం సూక్ష్మదర్శినిలో చూచారు. అంటే హార్మోను తిన్నగా జన్యువునే లేపుతున్నది. ఎక్డైసోనును అందుకొనే గ్రాహకం జన్యువు 1991లో దొరికింది. బాల్య హార్మోను గ్రాహకం తేలడానికి ఇంకా చాలా యేళ్ళు పట్టింది. బాల్య హార్మోను క్రుప్పెల్ బంధువైన ఒక జన్యువును మేలుకొలుపుతుంది. అది బ్రాడ్ అనే జన్యువును అణచిపెడుతుంది. బాల్య హార్మోను పోతేనే బ్రాడ్ లేచి, ప్యూపా చర్మపు మాంసకృత్తుల జన్యువులను పని చేయిస్తుంది. ఈ విద్యలో మనవారి చేయి కూడా ఉంది. హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి. అనే సంస్థలో జె. నాగరాజుగారు 2012లో కాలంచేసేవరకు పట్టుపురుగు జన్యువులమీదనే శ్రమించారు. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలో సుబ్బారెడ్డి పల్లిగారు ఈ రెండు హార్మోనుల పని తీరుమీదనే యేళ్ళ తరబడి పరిశోధిస్తున్నారు.

ఒక్క సంగతి మాత్రం నా మనసులో ముల్లువలె నిలిచింది. జపానువారు పట్టుపురుగు రెక్కల మొగ్గలను గాజుపాత్రలో పెంచి ఎక్డైసోను పోశారు. కవచపు మాంసకృత్తుల జన్యువులు కొన్ని, హార్మోను ఉన్నంతసేపూ లేవలేదు. దాన్ని కడిగివేసి, లేని ద్రవంలో పెట్టిన తరువాతనే లేచినవి. హార్మోను రావాలి, వచ్చి తగ్గాలి. అప్పుడే కొత్త చర్మం. దినమంతా మోగితే బడిగంటకు అర్థమేముంది? నేను సీసాతో పట్టుకుపోయినది ఆగని గంట. ఆ పురుగుల ఒంట్లో గూడు కట్టే విద్య అంతా ఉంది. ఆ జన్యువులన్నీ ఉన్నాయి. "ఇంకా కాదు, ఇంకా కాదు" అని నా మందు చెబుతూనే ఉంది. అవి విన్నాయి. వింటూ వింటూ చచ్చిపోయినవి.

కోడలిని ఎనిమిది నెలల తరువాత, ఉగాదికి, తీసుకువచ్చారు. నిజం తెలిసి కాదు, ఇంట్లో పనికి మనిషి లేక. పురుగుల యింట్లోకి మాత్రం రానీయలేదు. ఆకు కోసి గుమ్మంవరకు తేవడమే ఆమె వంతు. పదకొండేళ్ళు! నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు పోతూనే ఉన్నాను. ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, "బాగున్నారా మామయ్యగారూ?" అని పలకరించేది. నేను బాగానే ఉన్నానని చెప్పేవాణ్ణి.

2005లో ఒకనాడు క్లాసులో ఈ పాఠమే చెబుతున్నాను. వెనుక బెంచీనుంచి ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ మందు మోతాదు ఎక్కువైతే ఏమవుతుంది?" అని అడిగింది. బల్లమీద సుద్దతో గీత గీసి, రోజులు వేసి, పురుగు పండదు, గూడు కట్టదు, కొన్నింటికి అక్కడక్కడ ప్యూపా చర్మపు మచ్చలు వస్తాయి, తరువాత చస్తుంది అని పుస్తకంలో ఉన్నట్టు చెప్పాను. "మీరు చూశారా సార్?" అంది. "లేదు" అన్నాను.

ఆ "లేదు" ఆ రాత్రి నన్ను నిద్రపోనీయలేదు. మా ఆవిడతో చెప్పాను. ఆమె కొంతసేపు ఊరుకొని, "ఆదివారం మొదటి బస్సుకు పొండి. చెప్పవలసింది మీ అక్కతో కాదు, ముందు ఆ పిల్లతో" అంది.

పోయాను. పెరట్లో అక్క, మేనల్లుడు, కోడలు ముగ్గురూ ఉన్నారు. బావ అప్పటికే పోయారు. కూర్చోకుండానే చెప్పాను. సీసా సంగతి, స్నేహితుడు చెప్పిన మాట, నేను మార్చి చెప్పిన మాట, వరండాలో ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాను. గొంతు తడబడింది. మేనల్లుడు తల వంచుకున్నాడు. అక్క నా వంక చూడలేదు. కోడలి వంక చూసింది.

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. చేతిలోని చేట క్రింద పెట్టి, నెమ్మదిగా అంది: "నాకు అప్పుడే తెలుసు మామయ్యగారూ. ఆ రాత్రి నేను పట్టుకున్న నిలువులో మూల తట్ట కూడా ఉంది. నా చేయి తగిలి పోయేదయితే అదీ పోవాల కదా. అది ఒక్కటే గూళ్ళు కట్టింది. ఆ మాట ఈయనతో చెప్పినా. మీకు చెప్తానని పోయి, మీరు కాదన్నారని వచ్చినారు. చదువుకున్నోళ్ళు కాదన్నాక ఇంక నేను ఎవురితో చెప్పేది?"

నేను ముప్పై యేళ్ళు నేర్పిన పాఠం అదే. ఒక తట్టకు మందు, ఒక తట్టకు లేదు, తక్కినదంతా సమానం. ఏడో తరగతితో చదువు ఆగిన పిల్ల, తనమీద నింద పడిన గడియలో, ఏడుస్తూనే ఆ పాఠం చేసి చూసుకుంది. ప్రొఫెసరు దాన్ని కొట్టివేశాడు.

అక్క చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఎనిమిది నెలలు నీవు నోరు తెరవలేదే తమ్ముడూ. దాని తండ్రి నా గడపలో నిలబడి దండం పెట్టినాడురా" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈనాటికీ లేదు. ఆ రోజు నాకు అన్నం పెట్టింది, వడ్డించేటప్పుడు పలకరించలేదు. మధ్యాహ్నం లేచి, పురుగుల యింటి తలుపు తీసి, కోడలితో, "రా అమ్మా, మూడో జ్వరం లేస్తుండాయి. నువ్వే చూసి ఆకు వెయ్యి" అంది. ఆమె గడప దగ్గర ఒక క్షణం ఆగింది. లోపలికి పోతూ నా వంక చూడలేదు.

ఇది సుఖాంతమని నేను అనను. పోయిన పదకొండేళ్ళు ఎవరూ తెచ్చి ఇవ్వలేరు. తరువాతి సంగతి మాత్రం చెప్పాలి. అక్క 2013లో పోయింది. పురుగుల యిల్లు ఇప్పుడు కోడలి చేతిలో ఉంది. తలఘట్టపురలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థకు పోయి శిక్షణ పొందింది. మైసూరు కేంద్ర పరిశోధన సంస్థవారి "సంపూర్ణ" అనే మందు వాడుతుంది. అది చెట్లనుంచి తీసిన ఎక్డైసోను జాతి పదార్థం. పురుగులు పండడం మొదలైన వేళ ఆకుమీద చల్లితే వెనుకబడినవి కూడా తొందరగా పండి, అన్నీ ఇంచుమించు ఒకేసారి గూటికి వస్తాయి. నేను పట్టుకుపోయిన మందుకు ఇది సరిగా ఎదురు మందు. మోతాదు సీసామీద చూచి, చెంచాతో కొలిచి, ఎప్పుడూ ఒక తట్టకు చల్లకుండా విడిచిపెడుతుంది. ఎందుకని అడిగితే, "అది సాక్షి" అంటుంది.

ఆమె కోడలు, నిరుడు కాపురానికి వచ్చిన పిల్ల, ఏ రోజయినా లోపలికి పోతుంది. కాళ్ళు కడుక్కొని, చేతులు సున్నపు నీళ్ళలో ముంచి పోవాలన్నది ఒక్కటే నియమం. అది మగవాళ్ళకు కూడా ఉంది.

సిల్కు బోర్డు కూడలిలో బండి కదిలేసరికి చీకటి పడింది. మనుమరాలు నిద్రపోయింది. వచ్చే సెలవులకు దాన్ని శిడ్లఘట్ట తీసుకుపోవాలనుకుంటున్నాను. ఆ సన్నని తుంపర చప్పుడు వినాలి, జ్వరానికి కూర్చున్న పురుగును చూడాలి. మూల తట్ట కథ చెప్పవలసి వస్తే దాని అత్తమ్మ నోటనే వింటుంది. నేను ప్రక్కన కూర్చుంటాను.